చల్లారేదాకా పలకని రంపం

మూడోసారి కూడా రంపం మొదటి లాగుకే అందుకుంది.

కమిషనర్ ప్రాదేనాస్ దాన్ని కాసేపు రొద పెట్టనిచ్చి, మీట నొక్కి ఆపి, మోడు పక్కన గడ్డిలో పెట్టాడు. నలభై నిండని మనిషి. పైఆఫీసు నుంచి బుధవారం ఈ దీవికి వచ్చాడు. శుక్రవారం సాయంత్రం బల్లకట్టుకి కేసు ముగించుకుని వెళ్ళిపోవాలని అతని ఆలోచన. ఇవాళ శుక్రవారం.

"చూశారుగా మేడమ్. మొన్న నాలుగుసార్లు లాగాను. నిన్న రెండుసార్లు. ఇప్పుడు మీ ఎదురుగా మూడుసార్లు. ఒక్కసారైనా మొరాయించిందా? మంగళవారం మాత్రం ముప్పావుగంట స్టార్ట్ కాలేదని వీడు ఒట్టేస్తున్నాడు."

వీడు అన్నది నోల్బెర్తో చిగ్వాయ్‌ని. యాభై ఏడేళ్ళవాడు. ముప్పై ఏళ్ళుగా కట్టెలు కొట్టి బతుకుతున్నాడు. బేడీలు వేసి ఒక దుంగ మీద కూర్చోబెడితే, తల వంచుకుని తన బూట్ల వంకే చూసుకుంటున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఎదెల్మీరా ఒయార్సూన్ వంగి రంపాన్ని చూసింది. రిమాండు కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇంకొకరు చూస్తే మంచిదని మెజిస్ట్రేటు అనుకోవడంతో, నిన్న కాస్త్రో పట్నం నుంచి ఆమెని పంపారు. ఫైలు రెండుసార్లు చదివింది. ఈ మనిషి చెప్పేది నిజమేనేమో అని ఎక్కడో అనిపించింది. తీరా వచ్చి చూస్తే అతని రంపమే అతని మీద సాక్ష్యం చెబుతోంది.

మంగళవారం సాయంత్రం అయిదున్నరకి ఇదే చోట, నేలకూలిన ఈ ఉల్మో చెట్టు కింద ఎలాదియో బార్రియా శవం దొరికింది. వెతుక్కుంటూ వచ్చి మొదట చూసింది అతని భార్య ఒతీలియా. ఆమె నోల్బెర్తోకి సొంత చెల్లెలు. బావాబావమరదుల కట్టెల అడవులు రెండూ పక్కపక్కనే. చెట్టు సరిగ్గా సరిహద్దులో. నాదంటే నాదని రెండేళ్ళుగా గొడవ. ఆదివారం చర్చి ముందు నోల్బెర్తో "ఆ చెట్టు మీద చెయ్యేస్తే నిన్ను దాని కిందే పడుకోబెడతా" అని అరిచాడట. ఆ మాట పోలీసులకి చెప్పింది గుమెర్సిందో. దీవిలో కట్టెలు కొని లారీలో కాస్త్రోకి తోలే మనిషి. ప్రాదేనాస్ కేసుకి అతనే మూలస్తంభం.

రెండో సాక్షి సెల్మిరా ముసలమ్మ. ఆమె ఇల్లు ఈ వాలుకి పైన, మూడు వందల గజాల దూరంలో. ఎదెల్మీరా కబురు పెడితే కర్ర ఊతంగా, చంకలో అల్లిక సంచితో వచ్చి కూర్చుంది.

"పెద్దమ్మా, ఆ రోజు విన్నది ఇంకోసారి చెప్పండి. టైములు అంత కచ్చితంగా ఎలా తెలిశాయి?"

"రేడియోలో కబుర్లు చదివే వేళ కదమ్మాయ్. ఒక్కో కబురుకి ముందు ఆ అబ్బాయి టైము చెబుతాడు. సరిగ్గా రెండింటికి రంపం మొదలైంది. రెండూ ఇరవైకి ఆగింది. అప్పుడే 'మీ అమ్మని ఆస్పత్రి నుంచి పంపేశారు, ఎడ్లబండి కట్టుకుని రేవుకి రండి' అని ఎవరికో కబురు. రెండూ ముప్పైమూడుకి మళ్ళీ మోగింది. రెండూ నలభైఒకటికి చెట్టు పడింది. నా కిటికీ అద్దాలు దడదడలాడాయి. ఆ తర్వాత చప్పుడు లేదు. మూడింటికి రెండు నిమిషాలుందనగా మళ్ళీ మొదలెట్టాడు."

ప్రాదేనాస్ వేళ్ళు మడిచాడు. "రెండూ ఇరవైకి వీడు రంపం ఆపాడు. ఎలాదియో వచ్చాడు, మాటామాటా పెరిగింది. రెండూ ముప్పైమూడుకి రంపం అందుకున్నాడు. ఎనిమిది నిమిషాల్లో చెట్టుని తెచ్చి అతని మీద పడేశాడు. ఇందులో చిక్కెక్కడుంది?"

"నోల్బెర్తో, మీరు చెప్పండి," అంది ఎదెల్మీరా.

"చెప్పానమ్మా, వీళ్ళకి పదిసార్లు చెప్పా. వేడెక్కితే అది ఆగిపోద్ది. ఆగిందంటే చల్లారేదాకా ఉలకదు పలకదు. రెండూ ఇరవైకి ఆగింది. దాన్ని ఊటకి అవతల నేను కొమ్మలు కోసేచోటే వదిలి, పోయి ఊట దగ్గర కూర్చున్నా. మూడింటికి వచ్చి లాగితే పలికింది. పావుగంట కొమ్మలు కోసుకుని, అటు దారిన ఇంటికి పోయా."

"మధ్యలో ముప్పైమూడుకి మోగిన రంపం ఎవరిది?"

"నాకేం వినపడలేదు. ముప్పై ఏళ్ళు దీన్ని చెవి దగ్గర పెట్టుకున్నా. చెవులు పోయాయి."

ఊట ఇక్కడికి వంద అడుగుల దూరం. ఎదెల్మీరా దాన్ని వచ్చేటప్పుడే చూసుకుంది. ముసలమ్మ అబద్ధమాడటం లేదు. రంపం రెండూ ముప్పైమూడుకి మోగింది. నోల్బెర్తో రంపం అప్పుడు పలకలేదంటాడు. ఆ రంపమేమో ఇప్పుడు పిలిస్తే పలుకుతోంది.

"ప్రాదేనాస్ గారూ, మీరు లాగిన తొమ్మిదిసార్లూ రంపం చల్లగా ఉందా, వేడిగా ఉందా?"

"చల్లగానో వేడిగానో. రంపం రంపమేగా?"

వెనక నుంచి రోసెందో కిసుక్కున నవ్వాడు. రేవు దగ్గర రంపాలు బాగుచేసే షెడ్డు అతనిది. పొద్దున్నే పెట్టెతో సహా ఎదెల్మీరా అతన్ని వెంట తీసుకొచ్చింది. "కమిషనర్ సారూ, పొద్దున్నే ఎవరైనా హుషారుగానే లేస్తారు. ముసలాడి సంగతి తెలియాలంటే పని చేయించి చూడాలి."

"అయితే చేయించు," అంది ఎదెల్మీరా.

"నాకు సాయంత్రం బల్లకట్టు ఉంది మేడమ్."

"సాయంత్రానికి చాలా టైముంది."

పదీ యాభైరెండుకి రోసెందో రంపం స్టార్ట్ చేసి, కూలిన మానుని ముక్కలు కోయడం మొదలుపెట్టాడు. సన్నగా, కీచుగా ఉంది దాని గొంతు. ఎదెల్మీరా గడియారం చేతిలో పట్టుకుని నిలబడింది. ముసలమ్మ అల్లిక ఆపి తల పక్కకి వాల్చింది.

"ఇదే, మొదటిది ఇదే," అంది తనలో తను అనుకుంటున్నట్టు.

"మొదటిదంటే?"

"మంగళవారం మొదట మోగింది ఇదే. మధ్యలోది కాస్త బొంగురు గొంతు."

ప్రాదేనాస్ గిర్రున తిరిగాడు. "ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"రంపం వినపడిందా అని అడిగావు నాయనా. వినపడిందన్నాను. గొంతెలా ఉందని నువ్వు అడిగావా?"

"గాలి మారితే చప్పుడు మారుతుంది. అంతే," అన్నాడు ప్రాదేనాస్.

ముసలమ్మ భుజాలు ఎగరేసింది. "మారుతుంది. నేనూ అదే అనుకున్నా."

ఎదెల్మీరా పుస్తకంలో రాసుకుంది కానీ, దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకి తెలియలేదు.

పదకొండూ పదకొండుకి, అంటే పంతొమ్మిది నిమిషాల తర్వాత, రంపం రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. మీట నొక్కలేదు. రోసెందో తాడు లాగాడు. మళ్ళీ లాగాడు. పదిసార్లు లాగాడు. అతని నుదుటి మీద చెమట తప్ప ఏమీ రాలేదు.

నోల్బెర్తో తల ఎత్తాడు. "చూశారా?"

"చూశాం," అన్నాడు ప్రాదేనాస్. "పెట్రోలు ఎక్కువైతే ఏ రంపమైనా ఇలాగే చేస్తుంది. చేతకానివాడు లాగినా చేస్తుంది. కావాలనుకున్నవాడు చేయించగలడు కూడా."

"అది కూడా చూద్దాం," అంది ఎదెల్మీరా. "రోసెందో, ఒక్కొక్కటే విప్పు. ఏది చూస్తున్నావో గట్టిగా చెప్పు."

రోసెందో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తాడుని మెల్లగా లాగి పట్టు చూశాడు. "పిస్టన్ బాగుంది. చేతికి బలంగా తన్నుతోంది. అరిగిపోయి ఉంటే వేడికి మెత్తబడేది." ట్యాంకు మూత వదులు చేశాడు. "మూతకి ఉన్న గాలి రంధ్రం పూడుకుపోతే పెట్రోలు దిగదు. అప్పుడు మూత తియ్యగానే బుస్సుమంటుంది. ఇది అనలేదు." మూత వదులుగానే ఉంచి మళ్ళీ అయిదుసార్లు లాగాడు. పలకలేదు.

"ఇంతకీ దేనివల్ల?" అన్నాడు ప్రాదేనాస్.

"ఆగండి సారూ, దేనివల్ల కాదో తెలిస్తేనే దేనివల్లో తెలుస్తుంది." ప్లగ్గు విప్పి వేలితో తుడిచాడు. "తడిగా ఉంది. పెట్రోలు వస్తోంది. కాబట్టి కార్బొరేటర్ తప్పు కాదు." జేబులోంచి కొత్త ప్లగ్గు తీసి, వైరుకి తగిలించి, ఇనుముకి ఆనించి తాడు లాగాడు. అందరూ వంగి చూశారు. ప్లగ్గు కొసన ఏమీ మెరవలేదు. "నిప్పు లేదు. ప్లగ్గు కొత్తది. అయినా నిప్పు లేదు." ఆపే మీట వైరు ఊడదీసి మళ్ళీ చూశాడు. లేదు.

అప్పటికి పదకొండూ ఇరవైనాలుగు. రంపం ఆగి పదమూడు నిమిషాలు. మంగళవారం రెండూ ఇరవై నుంచి ముప్పైమూడుకి ఎంతో అంతే.

"కాయిలు," అన్నాడు రోసెందో, లేచి నడుం నిమురుకుంటూ. "ప్లగ్గుకి నిప్పు పంపేది అదే. లోపల ఒక సన్నతీగ ఎక్కడో తెగింది. చల్లగా ఉన్నంతసేపు కొసలు ఆనుకుని ఉంటాయి. ఇంజను వేడికి విడిపోతాయి. మళ్ళీ చల్లారేదాకా దేవుడు దిగొచ్చి లాగినా ఇది పలకదు. ఇది మనిషి చేయించేది కాదు సారూ. లాగేవాడు ఎవడైనా ఒకటే."

ఎదెల్మీరాకి గుండె తేలికవ్వాల్సింది. కాలేదు. రెండూ ముప్పైమూడుకి ఈ రంపం పలకదు. అయినా అప్పుడు ఒక రంపం మోగి, చెట్టు కూలి, మనిషి చచ్చాడు. మరి పోలీసుల చేతికి దొరికింది ఒక్క రంపమే.

ఆమె మోడు దగ్గరికి నడిచింది. ఫైలులో దాని ఫోటోలు ఆరు ఉన్నాయి. ఆరింటిలోనూ అది వట్టి మోడే. ఇప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో తడిమింది.

వాలు వైపు ముందు గాటు, చెట్టు ఎటు పడాలో చెప్పే మూడు మూలల గాటు. దాని నిండా గీతలు. విరిగిన పన్నున్న గొలుసు కోసినట్టు, ప్రతి బెత్తెడుకీ ఒక గరుకు చార. నోల్బెర్తో రంపం గొలుసుకి ఒక పన్ను విరిగి ఉంది.

"ఈ గాటు మీరే పెట్టారా?"

"సోమవారం పెట్టా. అప్పుడు కూడా ఆగిపోయింది. అదీగాక మాను లోపల పుచ్చిపోయి కనిపించింది. పుచ్చుమాను ఎటు పడుతుందో చెప్పలేం. మోకు తెచ్చి కట్టి పడేద్దామని వదిలేశా."

ఆమె చెయ్యి వెనకవైపు కోత మీదకి పోయింది. నున్నగా ఉంది. ఒక్క చార లేదు. ఈ చివర నుంచి ఆ చివరకి, రెండు మూరల మేర, ఒకే ఊపులో తీసిన కోత.

"రోసెందో, ఆ రంపం బ్లేడు ఎంత పొడవు?"

"మూరకి తక్కువే."

"దాంతో రెండు మూరల మాను కొయ్యాలంటే?"

"ఇటు సగం, అటు సగం కొయ్యాలి. రెండూ కలిసేచోట మెట్టులా కనపడుతుంది." అతనూ వంగి చూశాడు. మాట తగ్గించాడు. "ఇక్కడ మెట్టు లేదక్కా. ఇది పెద్ద రంపం."

ఎదెల్మీరా లేచి ప్రాదేనాస్ వైపు తిరిగింది. "ఎలాదియోకి రంపం ఉందా?"

"ఉంది. కొట్టులో పెట్టి తాళం వేశానని భార్య చెప్పింది."

"మీరు చూశారా?"

"అది కేసులో లేదు మేడమ్. కేసులో ఉన్న రంపం ఇది."

"చూశారా, లేదా?"

అతని మెడ ఎరుపెక్కింది. "మీరు ఈ దీవుల వైపు వాళ్ళు. వీళ్ళని వదిలెయ్యాలని మీకు ఉంటుంది. ముసలమ్మ గొంతుల గురించి చెబుతుంది, మెకానిక్ తీగల గురించి చెబుతాడు, మీరు మోడుని చేత్తో తడిమి కథ అల్లుతున్నారు. రెండో రంపం మోగిందే అనుకుందాం. వంద అడుగుల దూరంలో కూర్చున్న వీడికి ఎందుకు వినపడలేదు?"

అది న్యాయమైన ప్రశ్నే. రంపం నోల్బెర్తోని విడిపించిన ప్రతిసారీ చెవులు అతన్ని మళ్ళీ పట్టిస్తున్నాయి.

ఆమె రోసెందో పక్కకి వెళ్ళింది. నోల్బెర్తో వీపు అటువైపు ఉంది. ఎనిమిది అడుగుల దూరం. మామూలుగా, గొంతు తగ్గించి అంది: "పాపం, నోల్బెర్తో మడమ మీద జలగ పాకుతోంది చూడు."

నోల్బెర్తో చటుక్కున కాలు ఎత్తి చూసుకున్నాడు.

జలగ లేదు. అతను కాలు నెమ్మదిగా కింద పెట్టాడు.

ఎదెల్మీరా వచ్చి అతని ఎదురుగా గొంతుక్కూర్చుంది. "చెవులు బాగానే ఉన్నాయి."

"ఉన్నాయి."

"మంగళవారం కూడా ఉన్నాయి."

"ఉన్నాయమ్మా. విన్నా. ఎలాదియో రంపం నాకు తెలీదా? నా చెట్టు మీదే పెట్టాడు. లేచి పోదామనుకున్నా. పోతే కొట్లాటే. లోపల పుచ్చుందని వాడికి తెలీదు, నాకు తెలుసు. ఒక్క కేక వేస్తే సరిపోయేది. వెయ్యలేదు. పడనీ, బెదిరి చస్తాడు, బుద్ధొస్తుంది అనుకున్నా. వాడి మీద పడుద్దని అనుకోలేదు. దేవుడి మీద ఒట్టు, అనుకోలేదు."

"చెవులు పోయాయని ఎందుకు చెప్పారు?"

"విన్నానంటే, మరి ఎందుకు అరవలేదని అడుగుతారుగా."

ప్రాదేనాస్ దగ్గరికి వచ్చాడు. "అయితే ఎలాదియోనే కోసుకుని తన మీద తనే పడేసుకున్నాడా? సరే. మరి అతని రంపం ఏది? చచ్చినవాడు రంపం తీసుకెళ్ళి కొట్టులో పెట్టి తాళం వేసుకున్నాడా?"

ఈసారి అతనూ ఎదెల్మీరా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదటిసారి ఇద్దరికీ ఒకే చోట చిక్కు పడింది. మంగళవారం ఎలాదియో పక్కన ఇంకెవరో ఉన్నారు. రంపం పట్టుకున్నది ఆ ఇంకొకరే అయ్యుండొచ్చు.

పదకొండూ నలభైతొమ్మిదికి రోసెందో తాడు లాగితే పాత రంపం పలికింది. ఆగిన ముప్పై ఎనిమిది నిమిషాలకి. రెండూ ఇరవైకి ముప్పై ఎనిమిది కలిపితే మూడింటికి రెండు తక్కువ. ఎదెల్మీరా ఆ అంకె రాసి కింద రెండు గీతలు గీసింది. "బేడీలు తియ్యండి," అంది. ప్రాదేనాస్ గొణుక్కుంటూనే తీశాడు. రోసెందో రంపం ఆపాడు.

ఆపాక కూడా చప్పుడు ఆగలేదు.

కింద లోయ వైపు నుంచి ఇంకో రంపం మోగుతోంది. లావుగా, బొంగురుగా. ఈ కొండల్లో రంపం చప్పుడికి ఎవరూ తలెత్తి చూడరు. అందుకే అది ఎప్పటి నుంచి మోగుతోందో ఎవరూ గమనించలేదు.

సెల్మిరా ముసలమ్మ అల్లిక ఒళ్ళో పెట్టుకుంది. "అదే అమ్మాయ్. మధ్యలో మోగింది అదే."

నోల్బెర్తో అప్పటికే లేచాడు. "అది ఎలాదియోది. మా చెల్లెలి ఇంటి దగ్గర మోగుతోంది. చెల్లెలు ఒక్కతే ఉంది."

అతను పరుగెత్తాడు. ప్రాదేనాస్, ఎదెల్మీరా వెనకాల పడ్డారు. వాలంతా తడి ఆకులు. ప్రాదేనాస్ రెండుసార్లు జారిపడి, బురద మోకాళ్ళతోనే లేచాడు. సగం దారిలో రంపం ఆగిపోయింది. కాసేపటికి లారీ కదిలిన చప్పుడు.

వాళ్ళు చేరేసరికి పన్నెండూ మూడు. వాకిట్లో ఎవరూ లేరు. పెద్ద రంపం గుమ్మం ముందు పడి ఉంది. దాని గొట్టం మీద ఎదెల్మీరా చెయ్యి పెట్టబోయి వెనక్కి తీసుకుంది. కాలిపోతోంది. తలుపు నడుం దగ్గర అడ్డంగా రెండుగా కోసి ఉంది. పైసగం లోపలికి పడిపోయింది.

"ఒతీలియా," అని పిలిచాడు నోల్బెర్తో. వంటింట్లో పొయ్యి మండుతోంది. కుర్చీలు పడి ఉన్నాయి. మనిషి లేదు. అతను పరుగున వెళ్ళి కట్టెల పెట్టె వెనక నేలలో ఉన్న చెక్క మూత ఎత్తాడు. ఇంట్లో బంగాళదుంపలు దాచే గొయ్యి అది. అందులోంచి ఒక మొహం పైకి చూసింది.

"అన్నయ్యా," అంది ఒతీలియా. ఆమెని పట్టి పైకి లాగారు. మోచేతులు దోక్కుపోయాయి. వేరే దెబ్బలు లేవు. పొయ్యి పక్కన కూర్చోబెట్టారు.

"ఎవరు?" అంది ఎదెల్మీరా.

"గుమెర్సిందో."

ప్రాదేనాస్ గోడకి చెయ్యి ఆనించాడు. "పొద్దున్న టిఫిను నాతోనే చేశాడు. బస ఒకచోటే. ఇవాళ రంపం పరీక్ష ఉందని, ఎలాదియో రంపం సంగతి వస్తే అది కొట్టులోనే ఉందని ఈమె చెప్పిందని..." అతను ఒతీలియా వైపు తిరిగాడు. "నేనే చెప్పాను."

"ముందు రేవుకి వైర్‌లెస్ చెయ్యండి," అంది ఎదెల్మీరా. అతను బయటికి వెళ్ళాడు.

ఒతీలియా నెమ్మదిగా చెప్పింది. బుధవారం శవజాగరణ దగ్గర గుమెర్సిందో ఆమెని పక్కకి పిలిచి చెవిలో ఊదాడు. చెట్టు కూల్చింది నోల్బెర్తోనేనట. ఎలాదియో రంపం కూడా ఎత్తుకుపోవడం తను కళ్ళారా చూశాడట. 'నీ అన్న కాబట్టి రంపం మాట పోలీసులకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు.' ఆమె నమ్మింది. అన్నకి ఇంకో నేరం అంటకూడదని, రంపం కొట్టులోనే ఉందని అబద్ధం చెప్పింది. ఇవాళ పదకొండున్నరకి అతను వచ్చి, కొట్టు తాళం అడిగాడు. కిటికీలోంచి చూస్తే లారీలో ఎలాదియో రంపం. దాన్ని కొట్టులో పెట్టెయ్యడానికే వచ్చాడు.

"అన్నయ్య ఎత్తుకుపోయిన రంపం నీ లారీలోకి ఎట్లా వచ్చిందన్నా. మొహం మారిపోయింది. తలుపేసుకున్నా. మంచిగా బతిమాలాడు కాసేపు. తర్వాత రంపం స్టార్ట్ చేశాడు. నేనెంత అరిచినా ఆ చప్పుడులో ఎవరికి వినపడుద్ది?"

ప్రాదేనాస్ తిరిగొచ్చాడు. "లారీ బల్లకట్టు ఎక్కింది. బల్లకట్టు ఇప్పుడే ఒడ్డు వదిలింది. నడిమధ్య ఆపమని సరంగుకి చెప్పాను. అటూ ఇటూ మనవాళ్ళే. ఎక్కడికీ పోలేడు." అతను ఎదెల్మీరా వంక చూసి, తల కొద్దిగా వంచాడు. అంతకంటే క్షమాపణ చెప్పడం అతనికి రాదు.

"మంగళవారం గుమెర్సిందో ఇక్కడికి వచ్చాడా?" అని అడిగింది ఎదెల్మీరా.

"వచ్చాడు. మూడింటికి పది నిమిషాలుండగా. ఎలాదియోకి అన్నం పట్టుకుని పైకి పోదామని మూట కట్టుకుంటున్నా. 'ఇప్పుడే కనపడ్డాడు, రేవు దగ్గరికి పోతున్నానన్నాడు, తొందరేం లేదు' అని ఆ బల్ల మీద కూర్చున్నాడు. మాతే ఆకు టీ కాచి ఇచ్చా. రెండు మిల్కావో రొట్టెలు తిన్నాడు. బాగున్నాయన్నాడు. ఏవేవో మాట్లాడుతూ నాలుగు దాటేదాకా లేవలేదు." ఆ బల్ల వంక చూసింది. "అప్పటికి ఎలాదియో చచ్చిపోయి ఉన్నాడు కదా?"

ఎదెల్మీరా సంచిలో డాక్టరు కాగితం ఉంది. ఆ కాగితం చదివినవాళ్ళు ఈ గదిలో ఇద్దరే. ప్రాదేనాస్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"కాళ్ళూ నడుమూ మాను కింద పడ్డాయి," అంది ఎదెల్మీరా. "తల బాగానే ఉంది. గంట పైనే బతికి ఉన్నాడని డాక్టరు రాశారు."

లోపల ఏదో కూడుకుంటున్నట్టు ఒతీలియా పెదవులు కదిలాయి. తర్వాత తల ఎత్తి, ఎదెల్మీరాని కాదు, అన్నని చూసింది.

"బతికున్నవాడు పిలవకుండా ఉంటాడా?"

నోల్బెర్తో గుమ్మం దగ్గర, కోసిన తలుపు పక్కన నిలబడి ఉన్నాడు.

"అన్నయ్యా, నువ్వు ఊట దగ్గరే ఉన్నావుగా. పిలిచాడా?"

ఎదెల్మీరా పుస్తకం మూసింది. కొండ మీద తను రాసుకున్న అంకెల్లో ఒక ఖాళీ ఉందని, దాన్ని తను అడగలేదని ఇప్పుడు తట్టింది. చెట్టు పడింది రెండూ నలభైఒకటికి. పాత రంపం పలికింది రెండూ యాభైఎనిమిదికి. పదిహేడు నిమిషాలు.

"పిలిచాడు," అన్నాడు నోల్బెర్తో. "పేరు పెట్టి పిలిచాడు. నా చెట్టు పడేసి, రా వచ్చి చూసుకో అని ఎగతాళి చేస్తున్నాడనుకున్నా. పలకలేదు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ మళ్ళీ పిలిచాడు."

"తర్వాత?"

"తర్వాత లేచి వచ్చి రంపం లాగా. స్టార్టయింది." అతను చెల్లెలి మొహం చూడలేక నేల మీదకి చూశాడు. "ఇంక వినపడలేదమ్మా."